‘రోడ్డు లేదు – ఓటు లేదు’: ఒక వార్డులో ఓటు బహిష్కరణ కేసు

విజయనగరం జిల్లాలో ఒక చిన్న మున్సిపాలిటీలో నేను కౌన్సిలర్‌ని. 2024 సార్వత్రిక ఎన్నికల ముందు మా వార్డులో ఒక వీధివాళ్లు ఓట్లు వెయ్యబోమని ఫ్లెక్సీ కట్టారు. అది ఎలా మొదలై ఎక్కడ తేలిందో రాసి పెడితే, కొత్తగా వార్డు పనిలోకి దిగేవాళ్లకు అక్కరకొస్తుందని ఈ ప్రయత్నం. ఊరు, వార్డు నంబరు, కులాలు, పార్టీలు చెప్పడం లేదు. మనుషుల్ని గుర్తుపట్టకుండా కొన్ని ఆనవాళ్లు మార్చాను. కులమూ పార్టీ తీసేస్తే వార్డు రాజకీయంలో ఇంకేం ఉంటుందని కొందరంటారు. ఈ కేసులో చాలానే ఉంది.

వార్డు ఎలాంటిది

మెయిన్ రోడ్డు నుంచి చెరువు గట్టు వైపు నేల దిగుడుగా పోతుంది. రోడ్డు వెంబడి డాబాలు, షాపులు, ఉద్యోగస్తుల ఇళ్లు. దిగువన చెరువును ఆనుకుని తొంభై గడప దాకా రేకుల ఇళ్లు, చిన్న చిన్న స్లాబు ఇళ్లు. అక్కడి మగవాళ్లలో ఎక్కువమంది తాపీ పనికీ, సెంట్రింగ్ పనికీ విశాఖపట్నమో హైదరాబాదో పోతారు, పండక్కీ ఎన్నికలకీ వస్తారు. మిగతా ఏడాదంతా వీధిని నడిపేది ఆడవాళ్లే.

ఎన్నికల లెక్కలో మాత్రం ఆ వీధికంతటికీ ఒక్కటే పేరు, వీధి మొగలో ఉండే ఒక పెద్దాయనది. 2021 మార్చి 10న మున్సిపల్ ఎన్నికలు జరిగినప్పుడు ఆయన అరుగు ఎక్కి దిగని అభ్యర్థి లేడు. ‘కింద వీధి ఓట్లు’ అని మేమంతా గుత్తగా రాసుకుంటాం. ఆ లెక్క మీదే గెలుస్తాం, ఆ లెక్క మీదే ఓడిపోతాం. లెక్క సరైనదా కాదా అన్నది మళ్లీ ఎన్నికలొచ్చే దాకా ఎవరూ అడగరు.

కౌన్సిలర్ చేతిలో ఏముంటుందో కూడా చెప్పాలి. సొంత నిధి అంటూ ఏమీ ఉండదు. కౌన్సిల్ అజెండాలో అంశం పెట్టించగలడు, కమిషనర్‌ని అడగగలడు, ఇంజినీరింగ్ వాళ్ల వెంట పడగలడు. 2019 అక్టోబరులో వార్డు సచివాలయాలు మొదలయ్యాక, 50 నుంచి 100 ఇళ్లకొక వాలంటీరు వచ్చాక, జనానికి కౌన్సిలర్ గుమ్మం తొక్కే అవసరం బాగా తగ్గింది. పింఛనూ రేషనూ ధ్రువపత్రమూ అన్నీ వాలంటీరు ద్వారానే. 2024 మార్చి నెలాఖరులో ఎన్నికల సంఘం వాలంటీర్లను పింఛన్ల పంపిణీ నుంచి తప్పించింది. మా వార్డులో కొందరు రాజీనామా చేశారు, మిగతావాళ్లు ఇళ్లలో కూర్చున్నారు. ఏ ఇంట్లో ఏముందో తెలిసినవాళ్లు ఒక్కసారిగా పక్కకు పోయారు. వీధి సంగతి నాకు తెలియాలంటే నేనే వీధిలోకి దిగాలి.

ఫ్లెక్సీ

ఏప్రిల్‌లో, నామినేషన్ల వేడి మొదలవుతుండగా, రామాలయం ముందు రెండు స్తంభాల మధ్య ఫ్లెక్సీ వెలిసింది. ‘రోడ్డు లేదు – ఓటు లేదు’. ఆ వీధిలో సిమెంటు రోడ్డు సగం దాకా వేసి ఆగిపోయిన మాట నిజమే, తక్కిన సగం గ్రావెల్. సాయంత్రానికి ఫ్లెక్సీ వీడియో వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. రెండు పక్షాల నాయకుల నుంచీ నాకు ఫోన్లు. ‘ఆ కుర్రాళ్ల వెనక ఎవరున్నారు’ అన్నదే అందరి ప్రశ్న. వెనక ఎవరో ఉండి తీరాలన్న నమ్మకం మా రంగంలో అంత గట్టిది.

ముందు తేల్చుకోవలసింది ఫ్లెక్సీ సంగతే. తీయించెయ్యమని ఒత్తిడి వచ్చింది. వద్దన్నాను. ఓటు వెయ్యకపోవడం నేరం కాదు. వెయ్యబోయేవాడిని అడ్డుకుంటే నేరం, అప్పటికి అమల్లో ఉన్న ఐపీసీ 171సి కిందికి వస్తుంది. ఈ తేడా కుర్రాళ్లకు వివరంగా చెప్పాను. ‘మీరు వెయ్యకండి, మీ ఇష్టం. వేస్తానన్న ముసలమ్మని ఆపారంటే మాత్రం కేసు మీ మీద పడుతుంది, పని కోసం హైదరాబాద్ పోవడం కూడా కష్టమవుతుంది’ అన్నాను. బలవంతంగా తీయిస్తే సమస్య రోడ్డు నుంచి ఫ్లెక్సీ మీదికి మారిపోతుంది. అప్పుడు మాట్లాడుకోవడానికి రోడ్డు కూడా మిగలదు.

రెండో చిక్కు కోడ్, అంటే ఎన్నికల ప్రవర్తనా నియమావళి. షెడ్యూలు వచ్చిన మార్చి 16 నుంచి అది అమల్లో ఉంది. కొత్త పని మొదలుపెట్టడానికి లేదు. మొదలెట్టడం అటుంచి, అధికార స్థానాల్లో ఉన్నవాళ్లు రోడ్లు వేయిస్తామనీ తాగునీటి సౌకర్యం కల్పిస్తామనీ హామీ ఇవ్వకూడదని కోడ్‌లో పేరుపెట్టి మరీ రాసుంది. అంటే కింద వీధి అడిగినదాన్ని ఇవ్వడానికీ లేదు, ఇస్తానని చెప్పడానికీ లేదు.

ఫలించని దారులు

అలవాటైన దారి పెద్దాయన అరుగు. వెళ్లాను. ‘ఒరే అబ్బాయ్, రోడ్డేస్తానని మీ నాయకుడి చేత ఒక్క మాటనిపించు. ఆ గుంటలు ఫ్లెక్సీ దించేస్తారు’ అన్నారు. నేను ఆ మాట పట్టుకెళ్లలేదు, కోడ్ సంగతి చెప్పి వచ్చేశాను. అయినా కబురు పోవలసిన చోటికి పోయింది. ఒక రాత్రి ఎవరో వచ్చారు, టీ తాగారు, ఎన్నికలయ్యాక చూసుకుందామన్నారు, పెద్దాయన తలూపారు. తెల్లారి చూస్తే ఫ్లెక్సీ ఉన్నచోటే ఉంది. కుర్రాళ్లని అడిగితే ‘తాత ఒప్పుకున్నాడు, మేం ఒప్పుకోలేదు’ అన్నారు.

అంతకంటే నన్ను ఆలోచింపజేసింది ఇంకొకటుంది. ఆ రాత్రి అరుగు దగ్గర ఇరవై మంది దాకా మగవాళ్లున్నారట, ఆడమనిషి ఒక్కరూ లేరు. నిజంగా రోడ్డే అయితే, వానాకాలంలో ఆ బురదలో బిందె ఎత్తుకుని నడిచేది ఆడవాళ్లు. వాళ్లెందుకు రాలేదు?

తర్వాత అధికారులు వచ్చారు. రెవెన్యూ వాళ్లు, మున్సిపాలిటీ వాళ్లు కలిసి రామాలయం దగ్గర కుర్చీలు వేయించి ఓటు విలువ చెప్పారు, నచ్చకపోతే నోటా ఉందన్నారు, ప్రతిజ్ఞ చేయించారు. జనం మర్యాదగా విన్నారు. ‘మీ సమస్యేమిటి’ అని మైకులో అడిగితే ‘రోడ్డు’ అని కోరస్‌గా అన్నారు. కాగితం మీద ‘రోడ్డు’ అని రాసుకుని వెళ్లారు. అధికారులను తప్పుపట్టను. అందరి ముందూ మైకులో అడిగిన ప్రశ్నకు అందరూ ఒప్పుకోగల జవాబే వస్తుంది.

ట్యాంకరు దగ్గర విన్న మాట

ఆడవాళ్లు కదలడం లేదంటే వాళ్లకు ఈ రోడ్డు గొడవ పట్టలేదన్నమాట. మరి పట్టినదేమిటి? ఏప్రిల్ ఎండలు. నదిలో ఊటబావుల్లో నీరు తగ్గి కుళాయిలు రోజు విడిచి రోజు వదులుతున్నారు. ట్యాంకరుతో నీళ్లివ్వడం ప్రతి వేసవిలోనూ జరిగేదే కాబట్టి కోడ్ అడ్డు రాదు. కమిషనర్‌కి రాసి కింద వీధికి ట్యాంకరు వేయించాను. సందులోకి బండి దిగదు, మొగలోనే ఆగుతుంది. అక్కడ బిందెల వరసలో నిలబడితే మాటలు వాటంతటవే వినబడతాయి.

ఒకావిడ, అరవై దాటి ఉంటాయి, రెండు స్టీలు బిందెలు, ఒక రంగు డబ్బా పక్కన పెట్టుకుని కూచుంది. ‘ఏటి పిన్నీ, రోడ్డు కోసం ఓటు మానేస్తారట?’ అన్నాను.

‘రోడ్డుతో నాకేటి పని బావూ. కరెంటు పోయిన్నాడు మాకు నీలొత్తాయి. కరెంటుంటే రావు.’

వెనక నుంచి ఒక కోడలు పిల్ల ‘నువ్వూరుకో అత్తా’ అని బిందె ముందుకి జరిపింది. ఇంకెవరూ నోరు విప్పలేదు.

వార్డులో నీళ్ల సంగతి తెలిసినవాడికి ఆ ఒక్క ముక్క చాలు. మర్నాడు నీళ్లు వదిలే వేళకు, ఇంకా వెలుగు రాకముందు, వాల్వు తిప్పే కుర్రాడితో కలిసి పై వీధి నుంచి కిందికి నడిచాను. పై వీధిలో ఇంటింటా సన్నగా మోటారు రొద. కుళాయి గొట్టానికే అర హెచ్‌పీ మోటారు తగిలించి సంపులోకి లాగేస్తున్నారు. సంపు నిండాక మళ్లీ డాబా మీది ట్యాంకుకు. కింద వీధికి వచ్చేసరికి ప్రతి గుమ్మం పక్కనా మోకాలి లోతు గొయ్యి, గొయ్యిలో అడుగున కుళాయి మూతి. నేల మట్టానికి నీరు ఎక్కదు కాబట్టి కుళాయినే కిందికి దించుకున్నారు. ఒకమ్మాయి గొయ్యిలోకి దిగి చెంబుతో తోడి పైనున్న బిందెలో పోస్తోంది. పక్కనే మురుగు కాలువ.

పట్టణ నీటి సరఫరాకి అప్పటి కేంద్ర ప్రభుత్వ మాన్యువల్ ప్రకారం ఒక అంతస్తు ఇంటి దగ్గర గొట్టంలో కనీసం 7 మీటర్ల ఒత్తిడి ఉండాలి, అంటే వదిలితే నీరు 7 మీటర్ల ఎత్తు ఎక్కాలి. ఇక్కడ మోకాలి ఎత్తు కూడా ఎక్కడం లేదు. పైగా పైన మోటార్లు లాగేటప్పుడు గొట్టంలో వెలితి ఏర్పడి, కాలువలోంచి పోయే జాయింట్ల దగ్గర మురుగు లోపలికి పీల్చుకుంటుంది. ఆ వీధిలో వేసవి విరేచనాలకు కారణం మామిడిపళ్లని చెప్పుకునేవారు.

మోటార్లు ఎవరివి? రోడ్డు మీది ఇళ్లలో సగానికి పైగా ఉన్నాయి. వాటిలో మా పెదనాన్న కొడుకు ఇల్లు ఉంది. పెద్దాయన ఇల్లూ ఉంది.

ఫ్లెక్సీ మీదికి రోడ్డు ఎలా ఎక్కిందో అప్పుడు అర్థమైంది. తర్వాత ఒక కుర్రాడు అసలు కథ చెప్పాడు. మొదటి కూటంలో నీళ్ల మాటే వచ్చిందట. నీళ్లంటే మోటార్లు, మోటార్లంటే పేర్లు. పేర్లు చెప్తే పొద్దున్న లేచి మొహాలు చూసుకోవాలి. ‘రోడ్డని రాయండి’ అని సర్ది చెప్పింది పెద్దాయనే. ట్యాంకరు దగ్గర ‘ఊరుకో’ అన్న కోడలినే ఒకసారి విడిగా అడిగితే, ‘పేరెలా సెప్పమంటారు బాబూ? రేపు మా గుంట పెళ్లికి బంతులెయ్యాలంటే ఆల్ల డాబాయే గదా’ అంది. ఆవిడ ఇంటి లెక్కలో అది భయం కాదు, ముందుచూపు. పక్కింటివాళ్ల మీద చెప్పలేని మాటను ప్రభుత్వం మీద చెప్తే ఎవరికీ నొప్పి తగలదు. ఎన్నికల ముందు మా దాకా వచ్చే డిమాండ్లలో ఇలాంటివి ఎన్నో ఉంటాయని ఇప్పుడు నా అనుమానం.

ఏం చెయ్యాలి అన్నది

కొత్త పైపులైను వేస్తే సరిపోతుందని ఇంజినీరింగ్ వాళ్లన్నారు. నిజమే. కాని అది కొత్త పని, కోడ్ ఒప్పుకోదు, నిధులూ చేతిలో లేవు.

మోటార్లు జప్తు చెయ్యవచ్చు. కుళాయికి నేరుగా మోటారు బిగించడం నిబంధనలకు విరుద్ధం, మోటారు పట్టుకెళ్లవచ్చు, కనెక్షన్ కూడా తీసేయవచ్చు. కోడ్‌కీ దీనికీ సంబంధం లేదు. కానీ ఎన్నికల నెలలో మున్సిపాలిటీ మనుషులు పై వీధిలోకి వెళ్లి పదిళ్ల మోటార్లు ఎత్తుకొస్తే, ఆ పదిళ్లు ఏ పార్టీవన్న లెక్క మొదలవుతుంది. ఇక నీళ్ల సంగతి ఎవరూ మాట్లాడరు. పైగా ఎవరు పేరు చెప్పారన్న ఆరా కింద వీధి మీద పడుతుంది. ఆ కోడలు భయపడిందే నిజమవుతుంది.

అందుకని ముందు రుజువు కావాలనుకున్నాను, పేర్లు లేని రుజువు. నీళ్లు వదిలే వేళ పై వీధికి కాసేపు కరెంటు ఆపమని కమిషనర్ ద్వారా కరెంటు ఆఫీసును అడిగించాను. ఇది చాలా ఊళ్లలో వేసవిలో చేసేదే. ఆపిన మొదటి రోజే కింద వీధిలో గోతుల పైన బిందెలు నిండాయి. పిల్లలు గొట్టం పట్టుకుని ఒకరినొకరు తడుపుకున్నారు. వీధి వీధంతా కళ్లారా చూసింది, ఎవరూ ఎవరి పేరూ ఎత్తలేదు.

ఎక్కువ రోజులు సాగలేదు. ఉక్కపోతలో ఫ్యాను ఆగితే పై వీధివాళ్లు ఊరుకుంటారా? ఇద్దరు ముగ్గురు మోటార్లను ఇన్వర్టరు మీద నడిపారు. మా పెదనాన్న కొడుకైతే ‘మన ఓట్లు నీకు చేదయ్యాయా’ అని ముఖం మీదే అడిగాడు. వాడి ఇంటికే మొదట వెళ్లి, మోటారు నీళ్లు వదిలిన తొలి గంట ఆపమని అడిగాను. బంధువు ఇంట్లో ఆగని మోటారు పరాయివాడింట్లో ఆగదు. నెల రోజులు మాటలు లేవు, మోటారు మాత్రం ఆగింది.

దారి చూపించింది రిటైరైన ఒక ఫిట్టరు. రెండు వీధులూ కలిసే చోట పాత వాల్వు ఒకటుండేదనీ, తారు మీద తారు వేస్తూ పోవడంతో అడుగున కప్పబడిపోయిందనీ చెప్పాడు. చోటు కాలితో చూపించాడు. తవ్వితే రెండడుగుల లోతులో దొరికింది, తుప్పు పట్టినా తిరిగింది. ఉన్న వాల్వు బాగు చెయ్యడం నిర్వహణ పని, కోడ్‌తో పేచీ లేదు.

వాల్వుంటే వంతు పెట్టవచ్చు. ఎవరి వంతు ముందు? ఇక్కడే కాస్త లెక్క వేసుకోవలసి వచ్చింది. పై వీధికి సంపులున్నాయి, మోటార్లున్నాయి. వాళ్లకు కావలసింది నీళ్లే, ఏ వేళకు వచ్చినా, ఎంత సన్నగా వచ్చినా పట్టుకోగలరు. కింద వీధికి సంపుల్లేవు, వాళ్లకు కావలసింది ఒత్తిడి. ఓవర్‌హెడ్ ట్యాంకు నిండుగా ఉన్న మొదటి ముప్పావుగంటలోనే అది దొరుకుతుంది. కింద వీధికి ముందు వదిలితే పై వీధి పోగొట్టుకునేది నీళ్లు కాదు, కాస్త నిద్ర.

ఈ మాట నేను చెప్తే కౌన్సిలర్ కింద వీధి ఓట్ల కోసం పాకులాడుతున్నాడంటారు. పెద్దాయనతో విడిగా కూచున్నాను. ఆయన మోటారు ఊసు నేనెత్తలేదు, ఆయనా ఎత్తలేదు. ‘మొదటి వంతు కిందోళ్లకిమ్మని మీరు అంటే బాగుంటుంది తాతా’ అన్నాను. చాలాసేపు చుట్ట కాల్చుకుని ‘సూద్దాం’ అన్నారు. తర్వాత రామాలయం దగ్గర రెండు వీధులవాళ్లూ కూచున్నప్పుడు ఆయనే లేచి ‘పల్లానికి ముందు, మిట్టకి ఎనక’ అన్నారు. ఇంక ఎదురు చెప్పినవాళ్లు లేరు. ఓట్లు ఆయన చేతిలో లేవని ఫ్లెక్సీ తేల్చేసింది. మాట మాత్రం ఇంకా ఆయన దగ్గరే ఉంది. ఈ రెండూ వేరని గుర్తుపెట్టుకోకపోతే పెద్దల్ని పూర్తిగా నమ్మడమో, పూర్తిగా పక్కన పెట్టడమో చేస్తాం.

వాల్వు తాళం ఒప్పంద కార్మికుడి దగ్గరే ఉంచాం. కాని నీరు ఎప్పుడొచ్చింది, ఎప్పుడాగింది అన్నది కింద వీధి పొదుపు సంఘంలో ఇద్దరు నోటుబుక్కులో రాస్తారు. వారానికోసారి ఆ పేజీ ఫొటో వార్డు సచివాలయంలో నీళ్లూ రోడ్లూ చూసే ఎమినిటీస్ కార్యదర్శికి పోతుంది. కౌన్సిలర్ మారినా, వాల్వు కుర్రాడు మారినా పుస్తకం ఉంటుందని ఆ ఏర్పాటు.

మోటార్లను చూసీ చూడనట్టు వదిలేశానని తోటి కౌన్సిలర్లు ఇద్దరు ఇప్పటికీ అంటారు. మురుగు పీల్చుకునే ప్రమాదం పై వీధికి ఇంకా ఉంది, ఆ మేరకు వాళ్ల మాట సబబే. ఆ నెలలో జప్తుకు దిగి ఉంటే వంతు కుదిరేది కాదన్నది నా అభిప్రాయం.

పోలింగు, ఆ తర్వాత

పోలింగుకు కొద్ది రోజుల ముందు కుర్రాళ్లే ఫ్లెక్సీ దించారు. దాన్ని తిరగేసి ఎవరో మేకల పాక మీద కప్పారు, మంచి మందం సరుకు. మే 13న కింద వీధి బూత్‌కు వచ్చింది. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు తెల్లవారుతుండగా బస్సు దిగి సంచులతోనే క్యూలో నిలబడ్డారు. కొందరు రాలేదు, వాళ్లనెవరూ అడగలేదు. ఎవరికి వేశారో నాకు తెలియదు. బూత్ లెక్కలు బయటికి వచ్చాక చూస్తే మా పక్షానికి అక్కడ ఓట్లేమీ పెరగలేదు. రాష్ట్రంలో 175 స్థానాల్లో 164 ఒకే కూటమికి పోయిన ఎన్నిక అది, ఒక వీధి కుళాయి మహిమను అందులోంచి విడదీసి చూడడం ఎవరి వల్లా కాదు. మా పార్టీవాళ్లు ‘ఇంత చేసి ఏం లాభం’ అన్నారు. ఓటు లెక్కతో చూస్తే ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

పద్ధతి మాత్రం మార్చుకున్నాను. ఏ వీధిలో గొడవ వచ్చినా కూటం పెట్టి సమస్య అడగడం ఆఖరున చేస్తాను. ముందు నీళ్ల వేళకో, రేషను వేళకో, అంగన్‌వాడీ దగ్గరికో వెళ్తాను. ‘మీ సమస్యేమిటి’ అని అడగను, ‘ఏ రోజు బాగుంటుంది, ఏ రోజు బాగుండదు’ అని అడుగుతాను. రోజు చెప్పడానికి ఎవరి పేరూ చెప్పనక్కర్లేదు. కోడ్‌ను కూడా ఇప్పుడు వేరుగా చూస్తున్నాను. కొత్త పనులు ఆగిపోయే ఆ రోజుల్లో, కొత్త పని లేకుండా ఏవేం బాగుపడతాయో బయటపడుతుంది. వార్డులో సగం ఫిర్యాదులు నిర్వహణవే. శంకుస్థాపన రాయి ఉండదు కాబట్టి మా కంటికి ఆనవు.

2025 వేసవిలో వంతు ఒకసారి తప్పింది. వాల్వు దగ్గరికి కొత్త కుర్రాడు వచ్చాడు, పాత అలవాటున పైకే ముందు వదిలాడు. నోటుబుక్కు ఫొటో వచ్చింది, మళ్లీ సరిదిద్దాం.

ఇక రోడ్డు. మిగిలిన సగానికి అంచనాలు వేయించి కౌన్సిల్ అజెండాలో పెట్టించాను. అయితే పైపులైను మార్చి, వాల్వుకు చాంబరు కట్టి, ఆ తర్వాతే సిమెంటు పోయాలని పట్టుబట్టాను. లేకపోతే ఆ వాల్వు మళ్లీ రోడ్డు కింద పూడిపోతుంది. దీనివల్ల రోడ్డు ఇంకా ఆలస్యమవుతుంది. ఫ్లెక్సీ కట్టిన కుర్రాళ్లకు ఇప్పుడు కోపం నా మీద.